గడువుల మధ్య గర్భం: చలనచిత్ర విద్య, మాతృత్వం, చిత్రరూపం

గర్భధారణను గురించి తెలుగులో వాడుకలో ఉన్న మాటల్లో అధికభాగం కాలాన్ని లెక్కించేవే. నెల తప్పడంతో మొదలై, ఎన్నో నెల అన్న ప్రశ్నతో సాగి, నెలలు నిండడం దాకా వచ్చే ఈ పదజాలంలో శరీరం కన్నా లెక్క ముందుంటుంది. విద్యాసంస్థల భాష కూడా కాలాన్ని ఆశ్రయించినదే. సెమిస్టరు, హాజరు శాతం, సమర్పణ గడువు, గడువు పొడిగింపు అనే మాటలు లేకుండా విద్యార్థి జీవితాన్ని వర్ణించడం సాధ్యం కాదు. ఈ రెండు కాలగణనలూ ఒకే స్త్రీ మీద ఒకేసారి అమలైనప్పుడు, అందులోనూ మొదటిది అనుకోకుండా వచ్చిపడినప్పుడు, కథా సాహిత్యం సాధారణంగా రెండే దారులు చూపిస్తుంది. చదువు ఆగిపోతుంది, లేదా ఆగకుండా సాగించిన స్త్రీ అసాధారణ వ్యక్తిగా నిలబడుతుంది. ఈ రెండింటికీ వెలుపల, ఆ సంఘర్షణ కళాకృతి నిర్మాణంలోకే ప్రవేశించిన సందర్భాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలనకు తీసుకున్న రంగం చలనచిత్ర విద్య, దాని చుట్టూ ఉన్న చిత్రనిర్మాణం. ప్రధానంగా చర్చకు వచ్చేవారు ఇద్దరు: జర్మన్ దర్శకురాలు హెల్కె జాండర్, ఫ్రెంచి దర్శకురాలు అన్యెస్ వార్దా.

చలనచిత్ర విద్యను ఎంచుకోవడానికి కారణం దాని పనితీరులోనే ఉంది. సాహిత్య పరిశోధకురాలు ఒక అధ్యాయాన్ని రెండు నెలలు ఆలస్యంగా రాస్తే నష్టపోయేది ప్రధానంగా ఆమె ఒక్కతే. చలనచిత్ర విద్యార్థిని పరిస్థితి అది కాదు. 1960లో పుణెలో ప్రభాత్ స్టూడియో ఆవరణలో ఏర్పడిన చలనచిత్ర శిక్షణ సంస్థనే ఉదాహరణగా తీసుకుంటే, దర్శకత్వం, ఛాయాగ్రహణం, కూర్పు, శబ్దగ్రహణం చదివేవారు కలిసి డిప్లొమా చిత్రం తీస్తారు. ఒకరి చిత్రమే తక్కిన ముగ్గురి పరీక్ష. స్టూడియో దొరికే తేదీలు, కెమెరా కేటాయించే రోజులు, నటీనటుల వీలు అన్నీ కలిసిన ఒక వారం తప్పిపోతే అది మళ్ళీ అమరడం కష్టం. పైగా ఇది ఒళ్ళు వంచి చేసే పని. బరువులు మోయాలి, రాత్రిళ్ళు మేలుకోవాలి, ఎండలో గంటల తరబడి నిలబడాలి. వేవిళ్ళతో ఉన్న మనిషి ఇవన్నీ చేయగలదా అన్న ప్రశ్నను ఈ విద్యావిధానం ఎప్పుడూ వేసుకోలేదు. ఇంటి బాధ్యత లేని, ఎప్పుడు పిలిస్తే అప్పుడు రాగలిగిన యువకుడి శరీరాన్ని ప్రమాణంగా తీసుకుని రూపొందిన దినచర్య ఇది. ఆ ప్రమాణం ఎక్కడా రాసి ఉండదు కాబట్టి దాన్ని ప్రశ్నించడమూ కష్టమే.

బెర్లిన్ తొలి తరగతి

పశ్చిమ బెర్లిన్‌లో జర్మన్ చలనచిత్ర, టెలివిజన్ అకాడమీ 1966 సెప్టెంబరులో ప్రారంభమైంది. తొలి తరగతిలో హరూన్ ఫరోకి, హార్ట్‌ముట్ బిటోమ్‌స్కీ, వోల్ఫ్‌గాంగ్ పేటర్సన్, హోల్గర్ మైన్స్ వంటి వారున్నారు. వారితోపాటు చేరినదే హెల్కె జాండర్. 1937లో బెర్లిన్‌లో పుట్టిన ఆమె అప్పటికే హాంబుర్గ్‌లో నటన నేర్చుకుంది. ఫిన్లండ్‌లో నాటకరంగంలో, టెలివిజన్‌లో దర్శకురాలిగా పనిచేసింది. 1965లో తిరిగి వచ్చేటప్పుడు వెంట చిన్న కొడుకు ఉన్నాడు. బిడ్డను ఒంటరిగా పెంచుకుంటూనే ఆమె అకాడమీలో చదివింది. కచ్చితంగా చెప్పాలంటే ఆమెది గర్భిణిగా చదివిన చదువు కాదు, తల్లిగా చదివిన చదువు. కాని గర్భం తొమ్మిది నెలలతో ముగిసే వ్యవహారంగా చూసే అలవాటు వల్లనే విద్యాసంస్థలు సెలవు ఇస్తే సమస్య తీరిపోతుందని భావిస్తాయి. ఆ తొమ్మిది నెలల తర్వాతి కథకు జాండర్ జీవితం, చిత్రాలు సాక్ష్యంగా నిలుస్తాయి.

అకాడమీలో ఆమె తీసిన తొలి లఘుచిత్రం 'సుబ్జెక్టిట్యూడె' నిడివి కొద్ది నిమిషాలే. బస్సు కోసం ఎదురుచూస్తున్న ఒక స్త్రీ, ఇద్దరు పురుషులు. కెమెరా వంతులవారీగా వారి చూపుగా మారుతుంది. మాటలు తక్కువ, మనసులో అనుకునేవి ఎక్కువ. చూసేవాడి కన్నుకూ, చూడబడే మనిషి కన్నుకూ తేడా ఏమిటో తేల్చుకోవడానికి ఇంతకంటే పెద్ద చిత్రం అక్కర్లేదు. ఈ చిన్నతనాన్ని విద్యార్థి అభ్యాసంగా కొట్టివేయడం తేలిక. అయితే స్త్రీల తొలి చిత్రాలు చిన్నవిగా ఉండడానికి వెనుక తరచుగా కాలపు కరవు ఉంటుందనీ, ఆ కరవులోనే పొదుపైన వ్యక్తీకరణ రూపొందుతుందనీ గుర్తించకపోతే విమర్శ అసలు విషయాన్ని వదిలేసినట్లే అవుతుంది.

1968 జనవరిలో జాండర్ మరికొందరు స్త్రీలతో కలిసి స్త్రీ విముక్తి కార్యాచరణ మండలిని ప్రారంభించింది. దాని తొలి పనుల్లో ముఖ్యమైనది పిల్లల సంరక్షణ. బెర్లిన్ వీధుల్లో మూతపడిన చిల్లర దుకాణాల గదులను అద్దెకు తీసుకుని, తల్లిదండ్రులే వంతులు వేసుకుని పిల్లలను చూసుకునే ఏర్పాటు చేశారు. జర్మన్ భాషలో వాటికి స్థిరపడిన పేరు 'కిండర్‌లాడెన్'. దాన్ని 'పిల్లల కొట్లు' అనవచ్చు. ఉద్యమ చరిత్రల్లో ఈ కొట్లు ప్రత్యామ్నాయ విద్యా ప్రయోగాలుగా ప్రసిద్ధం. వాటి మూలంలో ఉన్న అవసరం మాత్రం చాలా సాదాది: తరగతికి, సమావేశానికి, షూటింగుకు వెళ్ళవలసిన స్త్రీ ఆ పూట బిడ్డను ఎక్కడ ఉంచాలి?

అదే సంవత్సరం సెప్టెంబరు 13న ఫ్రాంక్‌ఫర్ట్‌లో సోషలిస్టు విద్యార్థి సంఘం ప్రతినిధుల సభలో జాండర్ చేసిన ప్రసంగం జర్మన్ స్త్రీవాద చరిత్రలో సుప్రసిద్ధం. చదువుకున్న స్త్రీ తనకు సమానావకాశాలు అందాయనే నమ్మకంతో ఉంటుందనీ, బిడ్డ పుట్టాక ఆ సౌకర్యాలేవీ అక్కరకు రావని గ్రహిస్తుందనీ, ఆ అనుభవాన్ని సొంత గొడవగా పక్కకు నెట్టడమే అసలైన రాజకీయమనీ ఆ ప్రసంగ సారాంశం. వేదిక మీది పురుష నాయకులు చర్చ జరపకుండానే తరవాతి అంశానికి వెళ్ళబోయారు. అప్పుడు సభలో ఉన్న జిగ్రిడ్ రూగర్ టమాటాలు విసిరింది. ఒకటి సిద్ధాంతవేత్త హాన్స్-యుర్గెన్ క్రాల్‌కు తగిలింది. ఆనాటికి రూగర్ నిండు గర్భిణి. ఈ వివరాన్ని చరిత్రకారులు చాలావరకు రంగు కోసం చెప్పి ముందుకు సాగిపోతారు. నిజానికి ఆ సభలో జరిగిన వాదమంతా ఆ ఒక్క శరీరంలో ఉంది. గర్భవతి అయిన విద్యార్థిని రాజకీయ సభలో ఉండటానికి చోటు ఉంది, ఆమె గర్భం చర్చకు రావడానికి చోటు లేదు.

ఇక్కడ తరగతిలోని పురుషుల ప్రస్తావన తప్పనిసరి. ఫరోకి 1968లోనే కవల కుమార్తెలకు తండ్రి అయ్యాడు. ఆ ఏడాది నవంబరులో అకాడమీ బహిష్కరించిన 18 మంది విద్యార్థుల్లో అతడూ ఉన్నాడు. అతని ఆనాటి జీవితాన్ని గురించి రాసినవారు బహిష్కరణనూ, వియత్నాం యుద్ధం మీద 1969లో తీసిన 'ఆరని మంట' చిత్రాన్నీ చర్చించారు. కవల పిల్లలున్న ఇంటినుంచి ఆ చిత్రం ఎలా వచ్చిందన్న ప్రశ్న వారికి తట్టినట్లు లేదు. జాండర్ విషయంలో మొదటి ప్రశ్న అదే అయింది. విమర్శ పాటించే ఈ ద్వంద్వ ప్రమాణాన్ని సరిదిద్దడానికి జాండర్‌ను ఆ ప్రశ్న అడగడం మానేయడం ఒక మార్గం. ఫరోకిని కూడా అడగడం మరింత ఉపయోగకరమైన మార్గం. కూతుళ్ళిద్దరూ నిద్రకు ముందు చెప్పుకునే మాటలతో అతను 1970లలో టెలివిజన్ కోసం చిన్న చిత్రాలు తీశాడు కాబట్టి జవాబుకు ఆధారాలూ లేకపోలేదు.

కుదించుకుపోయిన వ్యక్తి

జాండర్ 1969లో 'పిల్లలు పశువులు కారు' అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక డాక్యుమెంటరీ, 1972లో సారా షూమన్‌తో కలిసి గర్భనిరోధక మాత్ర నిజంగా స్వేచ్ఛనిస్తుందా అని ప్రశ్నించే మరో డాక్యుమెంటరీ తీసింది. ఆమె అనుభవమంతా నిండైన రూపం పొందినది మాత్రం 1978లో, 'రెడూపెర్స్'లో. పూర్తి శీర్షికకు 'అన్నివైపులా కుదించుకుపోయిన వ్యక్తిత్వం' అని అర్థం. సోషలిస్టు దేశాల నినాదమైన 'సర్వతోముఖంగా వికసించిన వ్యక్తిత్వం' మీద వ్యంగ్యం అది. పట్టణం మధ్య గోడ ఉన్న కాలంలో, ఆ గోడ వెంట కారులో సాగిపోతున్నట్లు కెమెరా కదిలే పొడవైన షాట్లు చిత్రమంతటా వస్తాయి. కథానాయిక ఎడ్డా ఫ్రీలాన్సు ఫొటోగ్రాఫరు, ఒంటరి తల్లి. ఆ పాత్రను జాండరే ధరించింది.

పనికి బయలుదేరుతున్న ఎడ్డాను కూతురు వదలదు. పెనుగులాట పెద్దగా ఉండదు, ఏడుపు రాగం ఉండదు. పట్టుకున్న చేతులను ఎడ్డా ఒక్కొక్కటే విడిపించుకుంటుంది, పిల్ల మళ్ళీ పట్టుకుంటుంది. ఇదే దృశ్యం ఒక కుటుంబకథా చిత్రంలో ఉంటే వెనక వయొలిన్ మోగేది, తల్లి కళ్ళు చెమ్మగిల్లేవి, ఉద్యోగమో బిడ్డో తేల్చుకోవలసిన ఘట్టంగా అది మారేది. జాండర్ దాన్ని పని గంటల్లో ఒక భాగంగా చూపుతుంది. ప్రయాణానికి ఇంత సమయం, ఫిల్మ్ కడగడానికి ఇంత సమయం అన్నట్లే, చేతులు విడిపించుకోవడానికి ఇంత సమయం. తక్కిన చిత్రమంతా ఇదే లెక్కలో నడుస్తుంది. పత్రికలకు ఎడ్డా అమ్మగలిగే ఫొటోలు వేరు, ఆమె తీయాలనుకునేవి వేరు. సహచర స్త్రీ ఫొటోగ్రాఫర్లతో కలిసి నగరం గురించి వారు తీసిన ఫొటోలను పెద్ద బోర్డులుగా వీధుల్లో నిలబెట్టాలన్న ప్రయత్నం ఉంటుంది. గోడ అవతలికి చూసే వేదిక ముందు తెర కట్టి దాన్ని రంగస్థలంలా తెరిచే ఘట్టం ఉంటుంది. వీటిలో ఏదీ పూర్తిగా సఫలమూ కాదు, పూర్తిగా విఫలమూ కాదు.

చిత్ర నిర్మాణం ముక్కలుగా ఉందన్న ఆక్షేపణకు సమాధానం ఇక్కడే దొరుకుతుంది. ఉత్కంఠ పెంచుకుంటూ పరాకాష్ఠకు చేరే కథనానికి అంతరాయం లేని దినచర్య అవసరం. ఎడ్డాకు అది లేదు, జాండర్‌కూ లేదు. అందువల్ల ఈ చిత్రం అంతరాయాన్నే వాక్యనిర్మాణ సూత్రంగా స్వీకరించింది. తెర మీద ఒకచోట ఇవాన్ రైనర్, వాలీ ఎక్స్‌పోర్ట్ వంటి ఇతర స్త్రీ దర్శకుల చిత్రాల తునకలు కనిపించడం కూడా ఈ క్రమంలోనిదే. ఒంటరిగా పనిచేసే స్త్రీ తనకు లేని బృందాన్ని చిత్రపటం లోపల కూడగట్టుకుంటున్నది. 1981 నాటి 'ఆత్మాశ్రయ అంశం' చిత్రంలో జాండర్ 1967 తరవాతి ఉద్యమకాలాన్ని, బిడ్డతో కమ్యూనులో ఉండే అన్ని అనే స్త్రీ కోణంనుంచి తిరిగి చెప్పింది. ఆ చిత్రం చరిత్రగా విలువైనదే కాని, 'రెడూపెర్స్'లోని హాస్యం దానిలో పలచబడింది. దశాబ్దం తరవాత వెనక్కి చూసే గొంతులో వాదన ఎక్కువైంది.

ముఫెతార్ వీధి, డాగెర్ వీధి

బిడ్డతో చేసిన చదువునుంచి గర్భంతో తీసిన చిత్రానికి రావాలంటే బెర్లిన్‌నుంచి పారిస్‌కు, పదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. అన్యెస్ వార్దా ఏ చలనచిత్ర విద్యాలయంలోనూ చదవలేదు. ఫొటోగ్రఫీ నేర్చుకుని, రంగస్థల ఫొటోగ్రాఫరుగా పనిచేసి, సొంత నిర్మాణ సంస్థ పెట్టుకుని 1954లో మొదటి చిత్రం తీసింది. సంస్థాగత గడువులు లేని ఈ స్థితి ఆమెకు ఎంత వెసులుబాటు ఇచ్చిందో 1958 నాటి 'లోపెరా-ముఫ్' చూస్తే తెలుస్తుంది. పదహారు పదిహేడు నిమిషాల ఈ చిత్రానికి ఉపశీర్షిక 'ఒక గర్భవతి చిత్రంగా రాసుకున్న నోటుపుస్తకం' అన్న అర్థంలో ఉంటుంది. దీన్ని తీసేనాటికి వార్దా గర్భవతి. 1958 మే నెలలో కూతురు రోజాలీ పుట్టింది.

చిత్రం ఒక నగ్న గర్భిణి శరీరంతో తెరుచుకుంటుంది. గుండ్రని కడుపు తరవాత వచ్చేది సంతలో అమ్మే గుమ్మడికాయ. కత్తితో దాన్ని రెండుగా కోసి, లోపలి గుజ్జును, గింజలను తోడి పారేస్తారు. ఈ రెండు షాట్ల మధ్య వ్యాఖ్యానం లేదు. ప్రసవ భయాన్ని గురించి ఎంత మాట్లాడినా ఈ కోత చెప్పినంత సూటిగా చెప్పడం కష్టం. ఆ తరవాత కెమెరా పారిస్‌లో పేదలు, తాగుబోతులు, వృద్ధులు తిరిగే ముఫెతార్ వీధి సంతలోకి వెళుతుంది. వార్దా మడత కుర్చీ ఒకటి తీసుకెళ్ళి, దాని మీద నిలబడి ఆ ముఖాలను చిత్రించింది. పళ్ళు ఊడిన ముఖాలు, చీదుకుంటున్న ముక్కులు, బరువు సంచులు మోసే చేతులు. వీళ్ళందరూ ఒకప్పుడు పసిపిల్లలే కదా అన్న ఆలోచన చిత్రం నిండా వినిపిస్తుంది. మధ్యలో చేతిరాత శీర్షికలు వస్తాయి: ప్రేమికులు, గర్భం, మత్తు, భయం, చివరగా కోరికలు. సంభాషణలు లేవు, జార్జ్ దెలెర్యూ సంగీతం ఉంది. కోరికల భాగంలో గర్భవతి పూలు నములుతుంది. తెలుగు పాఠకులకు ఇది వెంటనే అందుతుంది. మట్టి, బూడిద, పులుపు కోరే చూలాలి నాలుకను మన ఇళ్ళలో ముచ్చటగా చెప్పుకుంటారు. అయితే ఆ కోరికలు తీర్చడం మన దగ్గర పుట్టింటివారి, అత్తింటివారి వేడుక. వార్దా చిత్రంలో ఆమె వీధిలో ఒంటరిగా ఉంది, తన పూలు తానే తింటున్నది.

మాతృత్వాన్ని ఆనందంగా మాత్రమే చూపే సంప్రదాయం నుంచి ఈ చిత్రం తప్పుకున్న తీరు విమర్శకులు గుర్తించినదే. వారు తక్కువగా గమనించినది నోటుపుస్తక రూపం. నోటుపుస్తకాన్ని ఏ రోజైనా ఆపవచ్చు, మళ్ళీ ఏ రోజైనా అందుకోవచ్చు. ఒంట్లో బాగుంటే ఇంటికి దగ్గరి వీధికి వెళ్ళి నాలుగు షాట్లు తీసుకోవచ్చు, లేకపోతే మానవచ్చు. అంకాలు, పాత్రలు, కొనసాగింపు అవసరమైన కథాచిత్రాన్ని నెలలు నిండుతున్న శరీరం హామీ ఇవ్వలేదు. విడివిడి శీర్షికల కింద చేరే పుటలను ఇవ్వగలదు. 'లోపెరా-ముఫ్' రూపాన్ని ఆధునిక ప్రయోగవాదంగా మాత్రమే చూసేవారు దాన్ని నిర్ణయించిన శరీరాన్ని మరిచిపోతున్నారు.

ఇదే తర్కం పదిహేడేళ్ళ తరవాత మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1972లో కొడుకు మాత్యూ పుట్టాక వార్దా ఇల్లు విడిచి దూరం వెళ్ళలేని స్థితిలో ఉంది. జర్మన్ టెలివిజన్ కోసం ఆమె తీసిన 'డాగెరొటైప్' చిత్రానికి కావలసిన విద్యుత్తును తన ఇంటి మీటరునుంచే తీసుకుంది. ఆ తీగ పొడవు 100 మీటర్లకు లోపే. తీగ ఎంతవరకు సాగితే చిత్రం అంతవరకే. అందువల్ల డాగెర్ వీధిలోని రొట్టెల దుకాణం, మాంసం కొట్టు, దర్జీ, అత్తరు కొట్టు నడిపే వృద్ధ దంపతులు చిత్రానికి పాత్రలయ్యారు. ఆ తీగను వార్దా బొడ్డుతాడుతో పోల్చింది. పోలిక చమత్కారంగా ఉన్నా అందులో ఒక తిరగబాటు ఉంది. బొడ్డుతాడు సాధారణంగా బిడ్డను తల్లికి కడుతుంది, ఇక్కడ అది దర్శకురాలిని ఇంటికి కట్టింది.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. పరిమితి రూపాన్ని పుట్టించింది అని చెప్పడం, పరిమితి మంచిదే అని చెప్పడం దాకా సులభంగా జారుతుంది. బిడ్డను వదిలి వెళ్ళే వీలుంటే వార్దా వేరే చిత్రాలు కూడా తీసి ఉండేది, వాటిని మనం చూడలేదు. సంస్థలు, నిర్మాతలు, కుటుంబాలు తమ బాధ్యతను తప్పించుకోవడానికి సృజనకు కష్టం అవసరమన్న మాటను ఎప్పుడూ వాడుకుంటాయి. వార్దా తీగను చిత్రంగా మలచింది. జాండర్ మొదట పిల్లలకు గది అడిగింది, చిత్రం తరవాత తీసింది. చిత్రాలుగా చూస్తే వార్దావే నిలబడతాయి. విద్యాలయంలో చదివే మామూలు ప్రతిభ గల స్త్రీకి పనికివచ్చేది జాండర్ అడిగిన గదే. ప్రతిభావంతురాలికి మాత్రమే అందుబాటులో ఉండే పరిష్కారాన్ని పరిష్కారంగా లెక్కించడం విమర్శ చేయదగిన పని కాదు.

పరీక్ష ఒకరిది, గర్భం ఒకరిది

అనుకోని గర్భం, ఆగిపోయే చదువు రెండూ కలిసే చిత్రం వార్దా 1977లో తీసిన 'ఒకరు పాడతారు, మరొకరు పాడరు'. ఆశ్చర్యకరమైన సంగతి ఏమిటంటే ఆ రెండూ ఒకే పాత్రకు జరగవు. 1962 పారిస్‌లో ఇరవై రెండేళ్ళ సుజాన్‌కు ఇద్దరు పిల్లలు, మూడోసారి గర్భం. అప్పటికి ఫ్రాన్సులో గర్భస్రావం నేరం. పదిహేడేళ్ళ పొలీన్ బాకలోరియా పరీక్షకు చదువుతున్న విద్యార్థిని. స్నేహితురాలి గర్భస్రావానికి డబ్బు కోసం ఆమె ఇంట్లో అబద్ధమాడుతుంది. ఆ అబద్ధం బయటపడడంతో ఇల్లూ చదువూ రెండూ వదిలి పాటలవైపు వెళ్ళిపోతుంది. ఒకరి గర్భానికి మరొకరి చదువు మూల్యమైంది. కథాసౌలభ్యం కోసం చేసిన విభజనగా దీన్ని చూడవచ్చు. అంతకన్నా లోతైన చదువు కూడా సాధ్యమే: అనుకోని గర్భం ఖర్చును భరించే శక్తి ఒక స్త్రీకి ఒంటరిగా ఉండదు, దాన్ని పంచుకున్నవారి జీవితమూ దారి తప్పుతుంది. సుజాన్ సహచరుడు జెరోమ్ ఫొటోగ్రాఫరు. అతని గోడల నిండా దిగులు ముఖాల స్త్రీలు. స్త్రీల బాధ అతనికి కళావస్తువు, ఇంట్లో ఉన్న స్త్రీ బాధ మాత్రం అతని చేతికి అందదు. అతని ఆత్మహత్యతో చిత్రం మొదటి అంకం ముగుస్తుంది. గర్భస్రావం చేయించుకున్నామని 343 మంది స్త్రీలు 1971లో సంతకాలు చేసిన ప్రకటనలో వార్దా కూడా ఉంది. 1972 నాటి బొబిన్యీ విచారణ ఈ చిత్రంలో ఒక ఘట్టం. 1975లో చట్టం మారింది. చిత్రం రెండో భాగం ఆ వెలుగులో, కొంత అతిగా ఎండకాచినట్లు, పాటలతో సాగుతుంది. ఆ పాటలు వయసు మీరినట్లు అనిపించినా మొదటి అరగంట ఏ మాత్రం పాతబడలేదు.

అమెరికాలో జాయిస్ చోప్రా, క్లాడియా వైల్ కలిసి 1972లో తీసిన 28 నిమిషాల 'ముప్ఫై నాలుగేళ్ళ జాయిస్' కూడా ఈ కోవలోనిదే. దర్శకురాలు తన ప్రసవానికి ముందూ వెనకా తన్నుతానే చిత్రించుకుంది. అందులో విలువైన భాగం ఆమె తల్లి, తల్లి స్నేహితురాళ్ళు కూర్చుని ఉద్యోగాన్నీ పిల్లలనూ తాము ఎలా నెట్టుకొచ్చారో చెప్పుకునే సన్నివేశం. అంతకు ముందు తరం గురించి విమర్శ అడగని ప్రశ్నకు అక్కడ కబుర్ల రూపంలో జవాబు దొరుకుతుంది.

తెలుగు విమర్శకు సంబంధం

ఈ చర్చ తెలుగుకు దూరమైనది కాదు. 1980ల తరవాత తెలుగు స్త్రీవాద కవిత్వం ప్రసవాన్ని, గర్భస్రావాన్ని కవితావస్తువుగా స్వీకరించినప్పుడు దానికి 'నీలి కవిత్వం' అన్న ముద్ర పడింది. 1993లో వచ్చిన సంకలనం 'నీలి మేఘాలు' ఆ ముద్రనే తలకెత్తుకుని శీర్షికగా చేసుకుంది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' గురించి వచ్చిన విమర్శ, అనుకూలమైనా ప్రతికూలమైనా, ఎక్కువగా వస్తువు చుట్టూ తిరిగింది. ఈ శీర్షికల తీరును చూస్తే రూపం వైపు దారి తెరుచుకుంటుంది. ఒకటి ఆసుపత్రిలో గది తలుపు మీద రాసి ఉండే పేరు. మరొకటి పోలీసు ఠాణాలో, కోర్టులో వినిపించే మాట. కవిత్వానికి అలవాటైన మాతృత్వ పదజాలాన్ని పక్కనపెట్టి, స్త్రీ శరీరాన్ని నమోదు చేసే సంస్థల భాషనే ఈ కవులు ఎత్తుకున్నారు. వార్దా నోటుపుస్తకానికీ, జాండర్ సమయ గణనకూ ఇది చుట్టరికమే. మూడుచోట్లా శరీరానికీ సంస్థకూ మధ్య రాపిడి పడిన చోటే రూపం తయారైంది.

ఇప్పటి మన విద్యాసంస్థల భాషలో ఆ రాపిడి ఏ రూపంలో ఉందో చూడటానికి నిబంధనలనే చదవవచ్చు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016 నిబంధనలు పరిశోధక విద్యార్థినులకు మొత్తం పరిశోధన కాలంలో ఒకసారి 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇచ్చాయి. 2021 డిసెంబరులో డిగ్రీ, పీజీ విద్యార్థినులకు కూడా హాజరులోను, పరీక్ష దరఖాస్తుల్లోను సడలింపులతో తగిన నియమాలు చేసుకోవాలని విశ్వవిద్యాలయాలను ఆ సంఘం కోరింది. ఉద్యోగినులకు 1961 చట్టంతో మొదలైన రక్షణ విద్యార్థినుల దగ్గరకు రావడానికి ఇన్ని దశాబ్దాలు పట్టింది. ఇవి రావడం మేలే. కాని ఈ నిబంధనల ఊహలో విద్యార్థిని ఒంటరిగా చదివే మనిషి. ఆమె హాజరు ఆమెది, ఆమె సిద్ధాంతవ్యాసం ఆమెది, ఆగినా తిరిగి మొదలైనా లెక్క ఆమె పేరుమీదే ఉంటుంది.

నలుగురు కలిసి ఒక చిత్రం తీయవలసిన చదువులో ఈ ఊహ సరిపోదు. దర్శకత్వం చదివే విద్యార్థిని 240 రోజుల తరవాత తిరిగి వచ్చేసరికి ఆమె ఛాయాగ్రాహకుడు మరొకరి చిత్రం పూర్తిచేసి ఉంటాడు, శబ్దగ్రాహకురాలు పట్టా తీసుకుని వెళ్ళిపోయి ఉంటుంది. ఆమెకు సెలవు దొరుకుతుంది, కొత్త బృందం దొరుకుతుందన్న హామీ ఎక్కడా లేదు. ఛాయాగ్రహణం చదివే స్త్రీ ఏడో నెలలో కెమెరా భుజాన పెట్టుకోలేకపోతే ఆ పరీక్షను ఏ పద్ధతిలో నిర్వహించాలో చెప్పే నియమమూ లేదు. తిరిగి వచ్చిన రోజునుంచి బిడ్డ ఏ గదిలో ఉండాలన్నది ఆ తరవాతి ప్రశ్న. 1968లో బెర్లిన్ విద్యార్థినులు మూతపడిన కిరాణా కొట్ల తాళాలు తీసింది ఈ ప్రశ్నకే.